ఐపీ పెట్టాలా, వద్దా? అప్పులు మీదపడ్డవాళ్లు అడిగే ప్రశ్నలు, జవాబులు

నేను జిల్లా కోర్టులో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. అప్పుల కాగితాలు సంచిలో వేసుకుని వచ్చేవాళ్లు దాదాపు ఒకే రకం ప్రశ్నలు అడుగుతారు. కోర్టు వరండాలో ఐదు నిమిషాల్లో చెప్పిన జవాబు ఇంటికి వెళ్లేసరికి సగం గుర్తుండదు. టెన్షన్‌లో ఉన్న మనిషికి అది సహజం. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. ఇవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉండేవారికి వర్తించే సంగతులు. మీ కాగితాలు చూడకుండా మీ కేసు ఎటు పోతుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు కాబట్టి, ఇది చదివాక కూడా ఒక న్యాయవాదిని కలవండి.

ఐపీ పెట్టడం అంటే అసలు ఏమిటి?

ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. మనవైపు రాత్రికి రాత్రి ఊరు వదిలి వెళ్లిపోయినవాణ్ని కూడా "ఐపీ పెట్టాడు" అంటారు. ఆ రెంటికీ పోలికే లేదు. ఐపీ వేసిన మనిషి కోర్టు ముందు నిలబడి, "నాకున్న అప్పులివి, నాకున్న ఆస్తి ఇది, దీంతో అవి తీరవు, మీరే పంచి పెట్టండి" అని ప్రమాణం చేసి చెబుతాడు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ఇచ్చిన హక్కు ఇది. నా దగ్గర ఐపీ మాటెత్తేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడతారు. తగ్గించాల్సిన పని లేదు.

2016లో కొత్త దివాలా చట్టం వచ్చిందిగా? ఇంకా 1920 చట్టమేమిటి?

కొత్త చట్టం కంపెనీలకు పూర్తిగా అమల్లో ఉంది. మనుషుల విషయంలో మాత్రం, కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికే 2019 డిసెంబరు 1 నుంచి వర్తింపజేశారు. వాళ్ల కేసులు కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళతాయి. మామూలు ఉద్యోగి, చిన్న వ్యాపారి, రైతుకు సంబంధించిన భాగం పుస్తకంలో ఉంది గానీ అమల్లోకి తేలేదు. యూట్యూబ్‌లో "ఫ్రెష్ స్టార్ట్‌తో అప్పు మాఫీ" అని చెప్పేది ఆ భాగం గురించే. అందులో పెట్టిన పరిమితులు కూడా చూడండి: ఏడాది ఆదాయం 60,000 రూపాయలు, ఆస్తి 20,000, అప్పు 35,000 దాటకూడదు. ఆ వీడియోలు చూసి ఆశపడి వచ్చినవారికి ఈ మాట చెప్పడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.

ఎవరు వేయవచ్చు? ఎక్కడ వేయాలి?

అప్పు తీర్చలేని స్థితిలో ఉండి, మొత్తం బాకీ 500 రూపాయలైనా ఉంటే చాలు. వందేళ్ల కిందటి అంకె, ఇంకా మార్చలేదు. డబ్బు డిక్రీ (బాకీ కట్టమని కోర్టు ఇచ్చిన తీర్పు) కింద అరెస్టయినవారు, ఆస్తి జప్తులో ఉన్నవారు కూడా వేయవచ్చు. మీరు నివసించే చోటు, లేదా వ్యాపారం చేసే చోటు ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడే వేయాలి. సాధారణంగా ఇవి సీనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో నడుస్తాయి. అప్పిచ్చినవాడు కూడా మీ మీద ఐపీ వేయవచ్చు. ఆస్తిని ఇతరుల పేర మార్చేసినా, అప్పులవాళ్లకు దొరక్కుండా ఇల్లు వదిలి తిరిగినా, ఆ పని జరిగిన మూడు నెలల్లో అతను కోర్టుకు వెళ్లవచ్చు.

నా పరిస్థితికి ఐపీ సరైనదేనా?

ఒక లెక్క వేయండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఐదు లక్షలు తెచ్చారనుకోండి. నెలకు 15,000, ఏడాదికి లక్షా ఎనభై వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. మీ ఆదాయంలో ఇల్లు గడవగా మిగిలేది ఆ వడ్డీకే చాలకపోతే, కొత్త అప్పుతో పాత వడ్డీ కడుతున్నట్టే. అప్పులిచ్చినవాళ్లు పది మందికి పైగా ఉండి, ఒకరితో మాట్లాడేలోపు ఇంకొకరు దావా వేస్తుంటే, అమ్మినా అప్పులో కొంతే తీరే ఆస్తి ఉంటే, ఐపీ గురించి ఆలోచించాల్సిందే.

కానీ అప్పు పన్నెండు లక్షలై, మీ పేరున ఇరవై లక్షల స్థలం ఉంటే ఐపీ వద్దనే చెబుతాను. మీరే నిదానంగా అమ్ముకుంటే వచ్చే ధర కోర్టు వేలంలో రాదు. అప్పు మొత్తం ఒకే బ్యాంకుదైతే, రాజీ మాట్లాడుకోవడమే ముందు. అప్పు ఇంటి లోను ఒక్కటే అయితే ఐపీతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. తాకట్టు ఉన్న బ్యాంకు ఆ ఆస్తి మీదకు రావడాన్ని ఐపీ ఆపదు.

వేసిన రోజు నుంచే అప్పులవాళ్లు ఆగిపోతారా?

ఆగరు. ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. "పిటిషన్‌కు కోర్టు నంబరు పడితే చాలు, ఎవడూ మీ గడప తొక్కడు" అని చెప్పి డబ్బు తీసుకునే మధ్యవర్తులు ఉన్నారు. నంబరు పడ్డాక అప్పులవాళ్లందరికీ నోటీసులు వెళతాయి, వాళ్లు అభ్యంతరాలు చెబుతారు, విచారణ జరుగుతుంది. మీరు నిజంగా తీర్చలేని స్థితిలో ఉన్నారని కోర్టు నమ్మితే మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటిస్తుంది. ఆ ఉత్తర్వు తర్వాతే, కోర్టు అనుమతి లేకుండా ఆ అప్పుల కోసం మీ మీదకు గానీ మీ ఆస్తి మీదకు గానీ వెళ్లే వీలు ఉండదు. అరెస్టు నుంచి రక్షణ కావాలంటే దానికి వేరే దరఖాస్తు ఇవ్వాలి. ఈ లోపు ఆస్తి వేలానికి వస్తుంటే, ఐపీ విచారణకు తీసుకున్న సంగతి వేలం వేసే కోర్టుకు తెలిసేలా చేయడం మీ వకీలు పని. వాయిదాలతో ఇదంతా నెలల్లో తేలదు, ఏళ్లు పడుతుంది.

ఇల్లు, సామాను, పుస్తెలతాడు అన్నీ పోతాయా?

దివాలాదారుగా ప్రకటించాక మీ ఆస్తి కోర్టుకు, లేదా అఫీషియల్ రిసీవర్ అనే అధికారికి దఖలు పడుతుంది. ఆయన దాన్ని అమ్మి అప్పులవాళ్లకు నిష్పత్తి ప్రకారం పంచుతాడు. అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు చేయకూడదన్నవి రిసీవర్‌కూ వెళ్లవు. ఒంటి మీది బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పక్కబట్టలు, చేతివృత్తివారి పనిముట్లు, రైతు అయితే నాగలి, ఎడ్లు, అతను ఉండే ఇల్లు, పీఎఫ్, ప్రభుత్వ పింఛను, జీవిత బీమా సొమ్ము. మత ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి నుంచి తీయకూడని నగ కూడా అందులో ఉంది. పుస్తెలు అడిగే హక్కు ఎవరికీ లేదు. జప్తుకు కోర్టు అమీనా వచ్చి అడిగినా ఇదే చెప్పండి.

జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మీ జీతం 31,000 అయితే 21,000 మీకు ఉండాలి, 10,000 దాకే జప్తు చేయవచ్చు. ఒక డిక్రీ కింద మొత్తం ఇరవై నాలుగు నెలలు జీతం పట్టుకున్నాక ఆ డిక్రీకి ఇక జీతం ముట్టుకోరాదు.

ఐపీ వేసే ముందు ఇల్లు మా ఆవిడ పేరున రాసేస్తే?

వద్దు. దయచేసి వద్దు. ఐపీ వేయడానికి ముందు రెండేళ్లలోపు ప్రతిఫలం లేకుండా రాసిన దానపత్రాలు, సెటిల్‌మెంట్లు రద్దు చేయమని రిసీవర్ అడగవచ్చు. ఐపీ వేసే ముందు మూడు నెలల్లో బావమరిది అప్పు ఒక్కటే తీర్చి మిగతావాళ్లను వదిలేసినా అదే గతి. ఆస్తి దాచినా, లెక్కల పుస్తకాలు తగలబెట్టినా ఏడాది దాకా జైలు ఉంది. దానికంటే పెద్ద నష్టం ఏమిటంటే, ఆ ఒక్క పనితో జడ్జిగారికి మీ మీద నమ్మకం పోతుంది. నిజంగా చితికిపోయిన మనుషుల ఐపీలు, భయంతో రాసిన ఒక్క దానపత్రం వల్ల కొట్టివేయడం నేను చూశాను. భయపడి వచ్చినవాళ్లకు నేను మొదట చెప్పేది అందుకే ఇదే: ఏ రిజిస్ట్రార్ ఆఫీసుకూ వెళ్లకండి, ముందు మాట్లాడుకుందాం.

దివాలా ఉత్తర్వు వస్తే అప్పు తీరిపోయినట్టేనా?

కాదు. ఉత్తర్వులోనే, ఫలానా గడువులోగా డిశ్చార్జి కోసం దరఖాస్తు పెట్టుకోవాలని రాసి ఉంటుంది. అప్పు నుంచి విడుదల చేసేది ఆ డిశ్చార్జి. గడువు దాటిపోతే దివాలా ఉత్తర్వే రద్దవుతుంది, మళ్లీ మొదటికొస్తారు. ఉత్తర్వు కాపీ బీరువాలో పెట్టి "కేసు గెలిచాం" అనుకుని కూర్చున్నవాళ్లు ఇలా చిక్కుకుంటారు. ఆ తేదీని క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాసుకోండి.

మీ ఆస్తితో రూపాయికి అర్ధరూపాయి అయినా అప్పులవాళ్లకు అందకపోతే, అందుకు మీ తప్పు కారణం కాదని కోర్టుకు చూపించాలి. ఆస్పత్రి బిల్లులు, అగ్నిప్రమాదం, వరద, కొనుగోలుదారు ఎగవేత, ఏది కారణమైతే దాని కాగితాలు అప్పుడు పనికొస్తాయి. ఇంకో సంగతి, డిశ్చార్జి వచ్చేలోపు మీకు కొత్తగా కలిసొచ్చే ఆస్తి, తాతల వాటాతో సహా, రిసీవర్‌కే వెళుతుంది.

ఏ అప్పులు డిశ్చార్జితో పోవు?

ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసంతో తెచ్చిన అప్పులు, భార్యాబిడ్డలకు కోర్టు వేసిన మనోవర్తి. మీకు జామీను ఉన్నవాళ్ల బాధ్యత కూడా పోదు.

అప్పు కట్టకపోతే జైల్లో వేస్తారా?

డబ్బు లేదన్న కారణానికి వేయకూడదు. 1980లో జాలీ జార్జి వర్ఘీస్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. కట్టగలిగి ఉండి మొండికేసిన మనిషిని, డిక్రీ అమలు పిటిషన్‌లో, అంటే మనం ఈపీ అనేదాంట్లో, గరిష్ఠంగా మూడు నెలలు సివిల్ జైలుకు పంపవచ్చు. డబ్బు డిక్రీకి స్త్రీలను అసలు అరెస్టు చేయకూడదు. అరెస్టు నోటీసు వస్తే ఆ వాయిదాకు తప్పకుండా వెళ్లి, మీ ఆదాయం, ఖర్చు చెప్పండి. వెళ్లకపోతేనే ప్రమాదం.

చెక్కు బౌన్స్ కేసు సంగతి?

అది క్రిమినల్ కేసు, ఐపీ దాన్ని ఆపదు. బ్యాంకు చెక్కు తిప్పి పంపాక ముప్పై రోజుల్లో వాళ్లు నోటీసివ్వాలి, మీకు అందాక పదిహేను రోజుల్లో కట్టాలి. కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కేసు వేస్తారు. రెండేళ్ల దాకా శిక్ష, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. ఈ కేసులో ఏ దశలోనైనా రాజీపడవచ్చు. ఆ పదిహేను రోజుల్లో వకీలు చేత జవాబు నోటీసు ఇప్పించండి. "హామీ కోసం ఖాళీ చెక్కు ఇచ్చాను" అనే మాట మొదటిసారి కోర్టు బోనులో చెప్పడానికీ, ముందే రాతపూర్వకంగా చెప్పి ఉండటానికీ చాలా తేడా ఉంది.

ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టాను. ఇప్పుడు ఎంతైనా రాసుకుంటారా?

సంతకం ఉంటే డబ్బు ముట్టినట్టే కోర్టు మొదట భావిస్తుంది, కాదని చూపించే భారం మీది. ఫోన్‌పేలో కట్టిన వడ్డీలు, ప్రోనోటులోని సాక్షులు, అప్పట్లో ఆ డబ్బు ఇవ్వగల స్తోమత అతనికి ఉందా లేదా, ఇవన్నీ ఆధారాలే. డిమాండు ప్రోనోటుకు (అడిగినప్పుడు కట్టాల్సినదానికి) రాసిన తేదీ నుంచి మూడేళ్ల గడువు. మూడేళ్లలోపు కొంత కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు. "ఊరికే ఒక వంద రూపాయలు చెల్లు రాసివ్వు" అని గడువు చివర్లో అడిగేది అందుకే. రాసిస్తే బాకీకి మళ్లీ ప్రాణం పోసినట్టే. అయితే ఏదైనా కట్టినప్పుడు రసీదు లేకుండా కట్టకండి.

దావా సమన్లు వస్తే తీసుకోండి. తలుపు వేసుకుంటే కాగితం గోడకు అంటించి వెళతారు, కేసు మాత్రం నడుస్తుంది. ముప్పై రోజుల్లో జవాబు దావా వేయాలి, కారణం చూపితే తొంభై దాకా పొడిగిస్తారు. మీరు రాకపోవడంతో ఎక్స్‌పార్టీ (ఏకపక్ష) డిక్రీ అయిపోతే, డిక్రీ తేదీ నుంచి, సమన్లు సరిగ్గా అందకపోయి ఉంటే తెలిసిన రోజు నుంచి, ముప్పై రోజుల్లో రద్దు దరఖాస్తు పెట్టాలి. అప్పు ఒప్పుకున్నా సరే, వాయిదాల్లో కట్టేలా డిక్రీ ఇవ్వమని కోర్టును అడగవచ్చు. డిక్రీకి పన్నెండేళ్ల ఆయుష్షు. మీరు మరిచిపోయినా అది మిమ్మల్ని మరిచిపోదు.

ఇంటి లోను కంతులు ఆగాయి, బ్యాంకు నోటీసు అంటించింది.

అది 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఇచ్చే నోటీసు. అరవై రోజుల గడువుంటుంది. ఆ లోపు రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి, బ్యాంకు పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనం చర్య మొదలైతే నలభై ఐదు రోజుల్లో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మనకు హైదరాబాద్‌లోనూ, విశాఖపట్నంలోనూ ఉంది. మామూలు సివిల్ కోర్టుకు వెళ్లి గడువు పోగొట్టుకోకండి. అమ్మకం ప్రకటన పేపర్లో వచ్చేలోపే బాకీ కట్టి విడిపించుకునే హక్కు గట్టిగా ఉంటుంది. తాకట్టు పెట్టింది సాగుభూమి అయితే ఈ చట్టం కింద లాక్కోవడానికి వీల్లేదు, బ్యాంకు మామూలు దారిలోనే రావాలి.

క్రెడిట్ కార్డు, పర్సనల్ లోను రికవరీ ఏజెంట్లు ఆఫీసుకు వస్తున్నారు.

రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరించడం, బంధువులకు చెప్పి పరువు తీయడం నిషేధం. ప్రతి కాల్ తేదీ, టైము రాసుకోండి, మెసేజ్‌లు చెరపకండి. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448. చేయి చేసుకున్నా, ఇంట్లోకి చొరబడినా అది పోలీసు కేసే.

ఓటీఎస్‌కు (ఒకేసారి కట్టి బాకీ తేల్చుకునే రాజీకి) ఒప్పుకుంటే, ఎంత కట్టాలి, ఎప్పటిలోగా, కట్టాక బాకీ సున్నా అని బ్యాంకు లెటర్‌హెడ్ మీద వచ్చాకే కట్టండి. ఏజెంటు వాట్సాప్ మెసేజ్ చాలదు, అతని సొంత ఖాతాకు రూపాయి కూడా వేయకండి. సిబిల్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, కొన్నేళ్లు కొత్త లోను కష్టమవుతుంది. పరవాలేదు. ఆ సమయంలో మీకు కొత్త లోను అక్కర్లేదు కూడా. తాకట్టు లోను పూర్తిగా తీరితే ముప్పై రోజుల్లో ఆస్తి పత్రాలు తిరిగివ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీకు చెల్లించాలి.

లోన్ యాప్ వాళ్లు నా ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపుతున్నారు.

డబ్బు వేయడం ఆపండి, వేసేకొద్దీ ఇంకా అడుగుతారు. స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. 2020 చివర్లో తెలంగాణలో ఈ వేధింపులకు ప్రాణాలు పోయాకే పోలీసులు పెద్ద ఎత్తున అరెస్టులు చేశారు. 2015లో విజయవాడలో కాల్‌మనీ (అడిగిన వెంటనే కట్టాలనే అధిక వడ్డీ అప్పుల) వ్యవహారం బయటపడింది కూడా కొందరు ఆడవాళ్లు ధైర్యం చేసి చెప్పడం వల్లే. బాకీ ఉండటం నేరం కాదు, వాళ్లు చేస్తున్నదే నేరం.

చచ్చిపోవాలనిపిస్తోంది.

ఈ మాట నాతో నేరుగా అన్నవాళ్లు ఉన్నారు, అందుకే దీన్ని వదిలేయలేను. ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఒక్కరికి ఈ రాత్రే మొత్తం అప్పు ఎంతో చెప్పండి. మీరు పోతే అప్పు పోదు, మీరు వదిలిన ఆస్తి మీదకు, జామీను ఉన్నవారి మీదకు వెళుతుంది, మాట్లాడుకునే మనిషే ఉండడు. ఇరవై, ముప్పై లక్షల బాకీతో వచ్చి, రాజీలతోనో ఐపీతోనో బయటపడి, ఇవాళ అదే ఊళ్లో తలెత్తుకు తిరుగుతున్నవారు నాకు తెలుసు.

స్నేహితుడి చిట్టీకి జామీను పెట్టాను, అతను పారిపోయాడు.

చట్టం దృష్టిలో మీ బాధ్యత అతని బాధ్యతతో సమానం. చిట్టీ కంపెనీ మొదట అతన్ని వెతికి మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు, జీతం ఉన్నవాడి దగ్గరికే ముందు వస్తారు. మీరు కట్టింది అతని నుంచి రాబట్టుకునే హక్కు ఉంటుంది, ప్రతి రసీదూ మీ పేరున తీసుకోండి.

మా నాన్న చేసిన అప్పు నేను కట్టాలా?

ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి విలువ మేరకే. ఆస్తేమీ రాకపోతే మీ సొంత సంపాదన నుంచి కట్టాల్సిన పని లేదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అనే పాత హిందూ న్యాయాన్ని 2005 సవరణ ఆ తర్వాతి అప్పులకు తీసేసింది. కర్మకాండ రోజున పెద్దమనుషులను వెంటబెట్టుకొచ్చి కొత్త ప్రోనోటు రాయమంటారు. ఆ దుఃఖంలో సంతకం పెట్టకండి. పెడితే అది మీ అప్పవుతుంది.

రైతుకు వేరే దారి ఏదైనా ఉందా?

తెలంగాణలో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ వృత్తిదారుల కోసం 2016 చట్టం కింద రుణ విమోచన కమిషన్ ఏర్పాటు ఉంది. పంట పోయి కరువు, వరద ప్రకటించిన మండలమైతే పంట రుణాన్ని రీషెడ్యూల్ చేయమని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి, నోటిమాటగా అడిగితే రికార్డు ఉండదు.

వకీలు ఫీజు ఇచ్చుకోలేను.

స్త్రీలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, లేదా 15100కు ఫోన్ చేయండి. లోక్ అదాలత్‌లో దావా పడకముందే బ్యాంకుతో రాజీ కుదుర్చుకోవచ్చు, పడ్డ దావాకైతే కోర్టు ఫీజు వాపసు వస్తుంది. కానీ అక్కడి అవార్డు (తీర్పు) మీద అప్పీలు లేదు. పక్కనున్నవాళ్లు తొందరపెట్టారని కట్టలేని కంతుకు ఒప్పుకుంటే, అదే డిక్రీలా మీ మీద అమలవుతుంది. నెలకు నాలుగు వేలే కట్టగలిగితే నాలుగు వేలే అనండి.

ప్రభుత్వ ఉద్యోగం పోతుందా? ఎన్నికల్లో నిలబడవచ్చా?

ఉద్యోగం దానంతటదే పోదు, కానీ ప్రవర్తన నియమాల ప్రకారం శాఖకు తెలియజేయాలి, దాచితే చర్య ఉంటుంది. డిశ్చార్జి రాని దివాలాదారు ఎమ్మెల్యే, ఎంపీ పదవులకు, స్థానిక సంస్థలకు అనర్హుడు.

మా అబ్బాయి అమెరికాలో దివాలా వేస్తానంటున్నాడు.

అక్కడ చాప్టర్ 7లో ఆస్తి అమ్మి పంచుతారు, చాప్టర్ 13లో మూడు నుంచి ఐదేళ్ల ప్లాన్ ప్రకారం కడతారు. చదువు అప్పు మామూలుగా దాంతో పోదు. ఇక్కడ అతని పేరున ఉన్న ప్లాటు, పొలం కూడా అక్కడి ఫారాల్లో చూపించాలి, ఇండియాలో ఉందిలే అని వదిలేస్తే పెద్ద నేరమవుతుంది. ఇక్కడి బ్యాంకు నుంచి చదువు లోను తీసుకుని మీరు సంతకం పెట్టి ఉంటే, ఆ బ్యాంకు మీ దగ్గరికే వస్తుంది.

వకీలును మొదటిసారి కలిసేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

ఒక తెల్లకాగితం మీద ప్రతి బాకీ రాయండి: ఎవరికి, ఎప్పుడు, ఎంత తెచ్చారు, ఏ వడ్డీకి, ఇప్పటిదాకా ఎంత కట్టారు, ప్రోనోటా, చెక్కా, నోటిమాటా. చెల్లెలి దగ్గర తీసుకున్న బంగారం కూడా రాయండి, సిగ్గుపడి వదిలేసేది సాధారణంగా అదే. బ్యాంకు స్టేట్‌మెంట్లు, వచ్చిన నోటీసులు కవర్లతో సహా, ఎందుకంటే గడువు లెక్కకు నోటీసు ఎప్పుడు వచ్చిందో కవరు మీది తేదీ చూపిస్తుంది. ఇల్లు, పొలం పత్రాల జిరాక్సులు, ఆధార్, జీతం స్లిప్పు లేదా షాపు లెక్కలు. వీలైతే భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లండి.

అన్నీ దొరికేదాకా ఆగకండి. ఉన్నవి ఒక సంచిలో వేసుకుని రండి, విప్పి సర్దే పని మేం చేస్తాం.